నీటి పక్కన నాలుగు రోజులు: పిల్లాపాపలతో సరస్సు సెలవులకు సమగ్ర మార్గదర్శి

ఆ రోజు ఒడ్డున ఆరుగురు పెద్దవాళ్ళం ఉన్నాం. నీళ్ళలో నలుగురు పిల్లలు. మా చిన్న మేనకోడలికి అప్పుడు ఐదేళ్ళు. మోకాలి లోతులో వంగి నత్తగుల్లలు ఏరుకుంటోంది. రెండడుగులు పక్కకు వేసేసరికి కాలి కింద పల్లం వచ్చింది. కేక లేదు, చేతులు ఊపడం లేదు. తల వెనక్కి వాలింది, నోరు నీటి అంచు దగ్గర తేలుతూ మునుగుతూ ఉంది, తడి జుట్టు కళ్ళను కప్పేసింది. పక్కనే ఉన్న పదేళ్ళ అన్న చూసి చెయ్యి పట్టుకుని లాగాడు కాబట్టి సరిపోయింది. పెద్దవాళ్ళం ఆరుగురిలో ఒక్కరం కూడా చూడలేదు. మిగిలిన ఐదుగురూ చూస్తున్నారులే అని ఎవరికి వారం అనుకున్నాం.

ఆ పిల్ల ఇప్పుడు చేపపిల్లలా ఈదుతుంది. మేమూ ఏటా సరస్సుకు వెళ్తూనే ఉన్నాం. వెళ్ళే పద్ధతి మాత్రం పూర్తిగా మారిపోయింది. నీటి పక్కన అందరూ కాపలా అంటే ఎవరూ కాపలా లేనట్టే. ఆ ఒక్క సంగతి సరిదిద్దుకుంటే, పిల్లలను నిశ్చింతగా నీళ్ళలో ఆడుకోనివ్వవచ్చు. ఆ పద్ధతినే ఎంపిక నుంచి తిరుగు ప్రయాణం దాకా వరుసగా రాస్తున్నాను.

మొదటి అడుగు: సరస్సును ఎంచుకోవడం

ఫొటోల్లో అన్ని సరస్సులూ ఒకేలా నీలంగా, ప్రశాంతంగా కనిపిస్తాయి. మీరు అడిగి తెలుసుకోవలసినవి వేరు. ఒడ్డు నుంచి లోతు మెల్లగా పెరుగుతుందా, ఒక్కసారిగా జారుతుందా? అడుగున ఇసుకా, రాళ్ళా, బురదా? ఈతకు హద్దులు కట్టిన చోటు ఉందా? లైఫ్‌గార్డు ఏ వేళల్లో ఉంటారు? చిన్నపిల్లలున్న కుటుంబానికి మెల్లగా లోతయ్యే ఇసుక ఒడ్డు, లైఫ్‌గార్డు ఉన్న చోటు దొరికితే మిగతా వసతులు కాస్త తగ్గినా ఫరవాలేదు.

సహజ సరస్సు వేరు, ఆనకట్ట కట్టిన జలాశయం వేరు. జలాశయంలో తూములు, గేట్లు తెరిచినప్పుడు నీటి మట్టం, ప్రవాహం ఉన్నట్టుండి మారతాయి. గట్లు నిటారుగా ఉంటాయి, దిగడం తేలిక, ఎక్కి రావడం కష్టం. నీరు తోడే గోపురాల దగ్గర పైకి కనిపించని లాగుడు ఉంటుంది. జలాశయమే ఎంచుకుంటే ఈతకు అనుమతించిన చోటు తప్ప మరెక్కడా దిగవద్దు. హెచ్చరిక సైరన్ మోగితే ఏ వైపు వెళ్ళాలో ముందే కనుక్కోండి.

బసకూ నీటికీ మధ్య ఎంత దూరం ఉందో కూడా అడగండి. ప్రమాదాలు ఈతకు దిగినప్పుడే జరుగుతాయనుకుంటాం. ఎవరూ ఈతకు వెళ్ళని వేళ, పెద్దలు సామాను సర్దుకుంటుండగా పసివాడు తలుపు తీసుకుని నీటి వైపు నడవడం అంతకంటే భయంకరమైన సంగతి. తలుపుకు పైన గడియ ఉందా, మెట్ల దగ్గర కంచె ఉందా అని అడగడానికి మొహమాటపడకండి.

ఏ కాలంలో వెళ్ళాలన్నదీ ఆలోచించాలి. చలికాలం గడిచి ఎండలు మొదలైన తొలి వారాల్లో గాలి వెచ్చబడుతుంది కానీ నీరు ఇంకా చల్లగానే ఉంటుంది. గాలి కంటే నీరు ఒంటి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేసుకుంటుంది. 15 డిగ్రీల కంటే చల్లని నీటిలో ఉన్నట్టుండి పడితే ఊపిరి ఒక్కసారిగా ఎగబీలుస్తుంది. ఆ క్షణంలో తల నీటి కింద ఉంటే నీరు లోపలికి పోతుంది. ఈత వచ్చినా రాకపోయినా ఇది ఒంటికి తప్పని స్పందన. నడి ఎండాకాలంలోనూ లోతైన సరస్సులో పై పొర వెచ్చగా ఉండి కింద చల్లని పొర ఉంటుంది. నిలువునా దూకితే కాళ్ళు ఆ పొరలోకే వెళ్తాయి.

రెండో అడుగు: లైఫ్ జాకెట్లు, కొన్ని చిన్న వస్తువులు

పొదుపు చేయకూడని వస్తువు ఒకటుంటే అది లైఫ్ జాకెట్. ఒక్కొక్కరికీ విడిగా, బరువుకు తగినది ఉండాలి. 'రేపు ఎదుగుతాడులే' అని పెద్ద సైజు కొనడం బట్టల విషయంలో చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. లోపలి చీటీ మీద తేలే బలం న్యూటన్లలో రాసి ఉంటుంది. 50 న్యూటన్లవి ఈత వచ్చినవారికి, ఒడ్డుకు దగ్గరలో వాడుకోవడానికి. 100, ఆపై న్యూటన్లవి స్పృహ లేని మనిషిని కూడా వెల్లకిలా తిప్పేలా రూపొందించినవి. ఈత రాని పిల్లలకు ఈ రెండో రకమే, మెడ వెనక పట్టీతో, కాళ్ళ మధ్య నుంచి వచ్చే బెల్టుతో ఉన్నది తీసుకోండి.

సరిపోయిందో లేదో ఇంట్లోనే చూడవచ్చు. బెల్టులన్నీ బిగించి, పిల్లవాణ్ణి చేతులు పైకెత్తమనండి. భుజాల దగ్గర జాకెట్టును రెండు చేతులతో పట్టుకుని పైకి లాగండి. జాకెట్టు గడ్డం దాటి చెవుల దాకా జారుకుంటూ వస్తే అది పనికిరాదు. నీటిలోనూ అలాగే జారి, మనిషి కిందికి, జాకెట్టు పైకి పోతాయి. చేతులకు తొడిగే గాలి బుడగలు, గాలి నింపిన చక్రాలు, పరుపులు ఆటబొమ్మలే. వాటిని రక్షణగా లెక్కించకండి.

ఈత దుస్తుల రంగు కూడా ప్రాణం కాపాడుతుంది. లేత నీలం, తెలుపు, బూడిద రంగులు రెండడుగుల లోతులోనే నీటిలో కలిసిపోతాయి. మెరిసే నారింజ, ముదురు గులాబీ రంగులు మసక నీటిలోనూ కనిపిస్తాయి. మా ఇంట్లో పిల్లల దుస్తులన్నీ ఆ రెండు రంగులే.

ఇవి కాక: జారని అడుగున్న నీటి చెప్పులు, ఒక్కొక్కరి జాకెట్టుకు ఒక ఈల, ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైన ఉన్న సన్‌స్క్రీన్, అంచు వెడల్పాటి టోపీలు, తడవని సంచిలో ఫోను, ప్రథమ చికిత్స పెట్టె. మరొకటి మీరే తయారుచేసుకోవాలి. మూత బిగించిన ఖాళీ రెండు లీటర్ల సీసాలో గుక్కెడు నీళ్ళు పోసి, మెడకు పది పదిహేను మీటర్ల తేలే తాడు కట్టండి. ఆ కొద్ది నీళ్ళ బరువు వల్ల విసిరితే దూరం పోతుంది, పట్టుకున్నవాడిని తేల్చేంత గాలీ ఉంటుంది.

మూడో అడుగు: ఇంటి దగ్గరే సాధన

బయలుదేరడానికి రెండు మూడు వారాల ముందు ఏదైనా ఈత కొలనులో ఒక పూట గడపండి. జాకెట్టు తొడుక్కుని నీటిలో పడి, వెల్లకిలా తిరగడం ప్రతి పిల్లవాడూ చేసి చూడాలి. మొదటిసారి జాకెట్టు మెడను పైకి నెడుతుంటే చిన్నపిల్లలు భయపడి గింజుకుంటారు. ఆ భయం సరస్సులో కాక కొలనులోనే తీరిపోవాలి.

తర్వాత జాకెట్టు లేకుండా వెల్లకిలా తేలడం నేర్పండి. తల వెనక్కి వాల్చి చెవులు నీటిలో మునగనివ్వాలి, చేతులు చాచాలి, ఊపిరి మెల్లగా తీయాలి. అలసిపోయినా, భయపడినా, చల్లని నీటిలో పడినా చేయవలసిన మొదటి పని ఇదే. ఊపిరి అదుపులోకి వచ్చాకే ఈదడం గురించి ఆలోచించాలి.

పెద్దల్లో కనీసం ఇద్దరు సీపీఆర్, అంటే ఊపిరి ఆగినవారికి ఛాతీ నొక్కుతూ నోటి ద్వారా శ్వాస ఇచ్చే పద్ధతి, నేర్చుకుని ఉండాలి. చూసి కాక బొమ్మ మీద చేతులతో చేసి నేర్చుకోవాలి.

నాలుగో అడుగు: చేరిన తొలి గంట

చేరగానే పిల్లలకు ఆగడం కష్టం. అయినా సామాను దించకముందే ఇద్దరు పెద్దలు వెళ్ళి నీటిని చూసి రావాలి. ఆ సమయంలో మిగిలినవాళ్ళలో ఒకరికి పిల్లల బాధ్యత పేరు పెట్టి అప్పగించండి.

నీటిని ముందు కంటితో, ముక్కుతో చూడండి. పైన ఆకుపచ్చ రంగు డబ్బా ఒలకబోసినట్టు, లేదా చిక్కని పప్పులా తెట్టు కట్టి, కుళ్ళు వాసన వస్తుంటే అది నీలి ఆకుపచ్చ శైవలాల తెట్టు కావచ్చు. వీటిలో కొన్ని విషాలను విడుదల చేస్తాయి, మరిగించినా ఆ విషం పోదు. పిల్లలనే కాదు, వెంట వచ్చిన కుక్కనూ దూరంగా ఉంచండి. కర్రతో కదిపితే జుట్టులా పోగులు పోగులుగా పైకి వచ్చేది మామూలు నాచు. కర్రకు రంగు పూసినట్టు అంటుకుంటే అనుమానించాలి. అది ఏదో తెలియకపోతే దిగకపోవడమే మంచిది. భారీ వాన కురిస్తే మురుగు, పశువుల వ్యర్థాలు కొట్టుకొస్తాయి కాబట్టి ఒకటి రెండు రోజులు ఈత ఆపండి. ఒంటి మీద పుండ్లు, గాయాలు ఉన్నవాళ్ళు ఆ తర్వాత కూడా జాగ్రత్తపడాలి. ఎలుకల మూత్రం ద్వారా వ్యాపించే లెప్టోస్పైరోసిస్ అలాంటి గాయాల గుండానే సోకుతుంది.

వెచ్చగా నిలిచిన నీటిలో మెదడుకు సోకే అమీబా, నెగ్లేరియా ఫౌలెరీ, గురించి చాలామంది భయపడతారు. ఆ జబ్బు చాలా అరుదు, వస్తే మాత్రం దాదాపు ప్రాణాంతకం. నీరు మింగితే రాదు, ముక్కులోకి వేగంగా ఎక్కితేనే వస్తుంది. అందుకే బాగా వెచ్చని, లోతు తక్కువ నీటిలో తల ముంచకపోవడం, దూకేటప్పుడు ముక్కుకు క్లిప్పు పెట్టుకోవడం, అడుగు బురద కెలకకపోవడం తేలికైన జాగ్రత్తలు.

తర్వాత ఈత బాగా వచ్చిన ఒక పెద్దమనిషి జాకెట్టు తొడుక్కుని, కర్రతో ముందు తడుముతూ నీటిలోకి నడవాలి. పల్లాలు, గాజు పెంకులు, మునిగిన మొద్దులు, నాచు దుబ్బులు ఎక్కడున్నాయో చూడాలి. మా మేనకోడలు జారిన పల్లం ఒడ్డుకు నాలుగు మీటర్ల దూరంలోనే ఉంది. ఒక్కరు నడిచి ఉంటే తెలిసేది. చూసినదాన్ని బట్టి ఒడ్డున రెండు కర్రలు పాతి రంగు గుడ్డలు కట్టండి, 'ఈ కర్రకూ ఆ కర్రకూ మధ్యే ఆట' అని చెప్పండి. పిల్లలకు కంటికి కనిపించే హద్దు అర్థమవుతుంది. 'ఎక్కువ దూరం వెళ్ళకు' అన్న మాట అర్థం కాదు.

ఐదో అడుగు: నీటి కాపరి

ఈ వ్యాసమంతటిలో ఒక్క భాగమే గుర్తుంచుకోవాలనుకుంటే ఇదే గుర్తుంచుకోండి.

మునిగిపోతున్నవాళ్ళు సాధారణంగా అరవలేరు. న్యూయార్క్‌లో లైఫ్‌గార్డుగా పనిచేసిన ఫ్రాంక్ పియా 1970ల్లో మునిగేవారి కదలికలను గమనించి ఈ సంగతి వివరించారు. ఊపిరికే సమయం చాలనప్పుడు గొంతు నుంచి మాట రాదు. చేతులు పైకి ఊపడానికి బదులు, నీటిని కిందికి నొక్కుతూ పక్కలకు చాచుకుంటాయి. ఒళ్ళు నిటారుగా ఉంటుంది, కాళ్ళు ఆడవు. ఇలా 20 నుంచి 60 సెకన్లు మాత్రమే గడుస్తాయి, తర్వాత మనిషి కనిపించడు. దూరం నుంచి చూస్తే పిల్ల నిలబడి నీటితో ఆడుకుంటున్నట్టే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ళలోపు పిల్లలు.

మేము పాటించే పద్ధతి ఇది. ఒక ఎర్రని తాడుకు ఈల కట్టి ఉంటుంది. అది ఎవరి మెడలో ఉంటే వారే ఆ సమయానికి నీటి కాపరి. కాపరి చేతిలో ఫోను ఉండదు, పుస్తకం ఉండదు, మద్యం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎవరితోనూ కబుర్లు చెప్పరు. వాళ్ళ పనల్లా నీటిని చూస్తూ, తలలు లెక్కపెడుతూ ఉండడమే. ఇరవై నిమిషాలకు మరొకరు వచ్చి అందుకోవాలి, ఎందుకంటే అంతకు మించి కన్ను నిలవదు. అందుకునేటప్పుడు మాట పైకి అనాలి:

"వదినా, నీళ్ళలో నలుగురు. చిన్నది ఎడమ కర్ర దగ్గర ఉంది. నీకు అప్పగిస్తున్నాను."

"నలుగురూ కనిపిస్తున్నారు. నేను చూసుకుంటాను."

రెండో మాట వినిపించాకే తాడు మెడ నుంచి తీయాలి. తాడు తీసుకునేవాళ్ళు ఎవరూ లేకపోతే పిల్లలందరూ ఒడ్డుకు రావలసిందే. మొదట్లో మా అన్నయ్యకు ఇది మరీ చాదస్తం అనిపించింది. రెండో రోజుకే ఆయన ఒక సంగతి చెప్పాడు: కాపలా తనది కాని సమయంలో మొదటిసారి నిశ్చింతగా కళ్ళు మూసుకుని పడుకోగలిగాడట.

ఐదేళ్ళలోపు పిల్లలకూ, ఈత రానివాళ్ళకూ కాపరి ఒక్కరే చాలరు. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఒక పెద్దమనిషి నీటిలోనే ఉండాలి.

ఆరో అడుగు: ఆటలు

పొద్దున్నే సరస్సు అద్దంలా ఉంటుంది. మధ్యాహ్నానికి నేల త్వరగా వేడెక్కడంతో గాలి లేస్తుంది. అందుకే తెడ్డు వేసే ఆటలు పొద్దున, ఒడ్డు దగ్గరి ఆటలు మధ్యాహ్నం తర్వాత పెట్టుకోండి. పది నుంచి నాలుగు గంటల మధ్య ఎండ తీక్షణం. సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి, నీటిలో నుంచి వచ్చి ఒళ్ళు తుడుచుకున్న ప్రతిసారీ మళ్ళీ రాయాలి.

పడవలో వెళ్తే ముందు ఎదురుగాలికి వెళ్ళండి. అలసిపోయి తిరిగి వచ్చేటప్పుడు గాలి వాటంగా ఉంటుంది. ఒడ్డు నుంచి నీటి వైపు వీచే గాలి అన్నింటికంటే మోసకారి. చెట్ల చాటున ఒడ్డు పక్క నీరు కదలకుండా కనిపిస్తుంది. యాభై మీటర్లు వెళ్ళేసరికి గాలి పడవను లోపలికి నెట్టుకుపోతుంది. అలాంటి రోజున గాలి పరుపుల మీద పిల్లలను అసలు ఎక్కించవద్దు. బంతి కొట్టుకుపోతే పోనివ్వమని ముందే గట్టిగా చెప్పండి. ఎంత మంచి బంతైనా వెంటపడవలసినది కాదు.

కయాక్‌లోకి, చిన్న పడవలోకి ఎక్కేటప్పుడు అంచు మీద కాలు వేయకూడదు. రెండు చేతులతో అంచులు పట్టుకుని, బాగా వంగి, నడి గీత మీదే అడుగు వేసి వెంటనే కూర్చోవాలి. పడవ బోర్లా పడితే దాన్ని వదలకూడదు. ఒడ్డు దగ్గరగానే కనిపిస్తుంది కానీ నీటి మీద దూరాలు కంటికి తక్కువగా తోస్తాయి, పైగా తల కంటే పడవ వెతికేవాళ్ళకు తేలికగా కనిపిస్తుంది. పిల్లలను పడవకు కట్టకండి.

నిలబడి తెడ్డు వేసే ప్యాడిల్ బోర్డు మీద మొదట మోకాళ్ళ మీద కూర్చుని అలవాటు పడాలి. నిలబడ్డాక పాదాలు బోర్డు నడిమి పట్టుకు రెండు పక్కలా, వేళ్ళు ముందుకు ఉండాలి. చూపు కాళ్ళ మీద కాక ఎదుటి ఒడ్డు మీద ఉండాలి. కిందికి చూస్తే పడతారు. తెడ్డు ఆకుకు కొద్దిగా వంపు ఉంటుంది. ఆ వాలు బోర్డు మూతి వైపు ఉండాలి. కొత్తవాళ్ళు చాలామంది తిరగేసి పట్టుకుంటారు. కాలికి కట్టే తాడు తప్పనిసరి. పడక తప్పనప్పుడు బోర్డుకు దూరంగా, వీపు చదునుగా నీటికి తగిలేలా పడండి.

మోటారు పడవ వెనక లాగించుకునే ఆటల్లో నడిపేవారు కాక, వెనక్కి చూస్తూ ఉండడానికి మరొకరు తప్పక ఉండాలి. ఎవరినైనా ఎక్కించుకునేటప్పుడు ఇంజను పూర్తిగా ఆపాలి. తిరుగుతున్న ఇంజను దగ్గర, పడవ వెనక మెట్టు మీద కూర్చోకూడదు. అక్కడ కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది, దానికి వాసన ఉండదు.

లోతు తెలియని చోట తల కిందులుగా దూకవద్దు. వెన్నెముక విరిగే ప్రమాదం ఉంది. నిన్న లోతుగా ఉన్న చోటు ఇవాళ లోతుగా ఉండకపోవచ్చు.

అందరూ అలసిపోయిన వేళకు రెండు ఒడ్డు ఆటలు చెబుతాను. మొదటిది పలకరాయిని నీటి మీద గంతులు వేయించడం. 2004లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు కొలిచి చూస్తే, రాయికీ నీటికీ మధ్య కోణం సుమారు 20 డిగ్రీలు ఉన్నప్పుడు అది చక్కగా గెంతింది. బొటనవేలంత మందం, అరచేతిలో పట్టే చదును రాయి తీసుకుని, చూపుడువేలితో తిప్పుతూ నడుము ఎత్తు నుంచి విసరాలి. ఎదుట ఎవరూ లేకుండా చూసుకోండి. రెండోది తెల్లని పళ్ళానికి తాడు కట్టి, అడుగడుగుకూ ముడి వేసి, పడవ నుంచి నీటిలోకి దించడం. పళ్ళెం కనిపించకుండా పోయిన చోట ఎన్ని ముడులు మునిగాయో లెక్కపెట్టాలి. 1865లో ఇటలీకి చెందిన ఏంజెలో సెక్కి ఇలాంటి పళ్ళెంతోనే నీటి తేటదనాన్ని కొలిచాడు, శాస్త్రవేత్తలు నేటికీ ఆ పద్ధతి వాడుతున్నారు. పొద్దున, సాయంత్రం, వాన తర్వాత కొలిచి రాసుకోమంటే పిల్లలు సరస్సును కొత్త కంటితో చూస్తారు.

ఏడో అడుగు: ఏదైనా జరిగితే

ఉరుము వినిపించగానే నీటి నుంచి బయటికి రావాలి. వాన పడేదాకా ఆగకూడదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య ప్రతి మూడు సెకన్లకు పిడుగు సుమారు ఒక కిలోమీటరు దూరంలో ఉన్నట్టు లెక్క. చెట్టు కిందికి కాక భవనంలోకో, కప్పున్న కారులోకో వెళ్ళండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచాకే తిరిగి దిగాలి.

ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకడం సహజమైన ఆవేశం. కాపాడబోయి తామూ మునిగినవాళ్ళు ఎందరో. ముందు అరిచి, తేలమని చెప్పండి. ఒడ్డున బోర్లా పడుకుని కర్రో తెడ్డో అందించండి. అందకపోతే తాడు కట్టిన సీసా విసరండి, మనిషి తల దాటి పడేలా విసిరి తాడును చేతికి అందేలా లాగండి. ఒకరు సాయం కోసం ఫోను చేయాలి. నాచులో కాలు చిక్కితే తన్నుకోకుండా వెల్లకిలా తేలి, మెల్లగా కాలు లాక్కోవాలి.

బయటికి తీసిన మనిషికి ఊపిరి లేకపోతే ముందు నోటి ద్వారా శ్వాస ఇవ్వాలి. నీట మునిగినవారికి కరువైనది ప్రాణవాయువే కనుక, ఛాతీ నొక్కడం ఒక్కటే చాలదు. ఆపై 30 సార్లు ఛాతీ నొక్కి 2 శ్వాసలు, నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగంతో, సాయం అందేదాకా ఆపకుండా చేయాలి. పొట్ట నొక్కి నీళ్ళు కక్కించే ప్రయత్నం చేయవద్దు. మునిగి తేరుకున్నవారికి ఆ తర్వాత కొన్ని గంటల్లో దగ్గు ఆగకపోయినా, ఊపిరి భారమైనా, మగతగా ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఎనిమిదో అడుగు: తిరుగు ప్రయాణం

పడవలు, తెడ్లు, చెప్పులు ఒడ్డునే కడిగి, లోపలి నీరంతా ఒంపి, ఎండబెట్టండి. ఒక సరస్సులోని మొక్క ముక్క, నత్త మరో సరస్సుకు చేరేది ఇలాగే. దక్షిణ అమెరికాలో పుట్టిన గుర్రపుడెక్క ఎన్ని ఖండాల చెరువులను కప్పేసిందో మనకు తెలుసు. పిల్లల చెవులు పక్కకు వంచి నీరు కారనిచ్చి, బయట మాత్రం మెత్తని గుడ్డతో అద్దండి, పుల్లలు పెట్టవద్దు.

లైఫ్ జాకెట్లు మంచినీటితో కడిగి నీడలో ఆరేయండి. ఎండకు గుడ్డ, కుట్లు పాడవుతాయి. ఆరాక ఒక్కొక్కదాని కుట్లు, బెల్టులు లాగి చూసి, ఎవరిదో, ఈ ఏడు వాళ్ళ బరువెంతో ఒక చీటీ రాసి జేబులో పెట్టండి. వచ్చే ఏడు బయటికి తీసినప్పుడు పిల్లవాణ్ణి తూకం వేసి, ఆ చీటీతో పోల్చి, భుజాల దగ్గర పట్టుకుని మళ్ళీ ఒకసారి పైకి లాగి చూడాలి.